మెట్లెక్కే మనిషి ఎవరి కంటా పడొద్దు

"అక్కా, నాది హన్మకొండ. వయసు 31. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ, తర్వాత కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా చేశాను. నాలుగేళ్లుగా ఒక జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌ని. జీతం 22 వేలు. పిల్లల తల్లిదండ్రులు 'మేడం, బయట ఎక్కడన్న చూస్తరా' అని అడుగుతుంటే సొంతంగా ప్రాక్టీస్ పెట్టాలనిపిస్తోంది. మా ఆయన సరే అన్నాడు. మా నాన్న మాత్రం 'మాట్లాడితే పైసలు ఎవరిస్తరు' అంటున్నాడు. తెలిసిన డాక్టర్ ఒకాయన తన నర్సింగ్ హోంలో గది ఇస్తానన్నాడు, వచ్చిన ఫీజులో 30 శాతం తనకివ్వాలట. ఉద్యోగం మానేయాలా? ఫీజు ఎంత పెట్టాలి? బోర్డు మీద ఏమని రాయాలి? అసలు వరంగల్‌లో దీని మీద బతకొచ్చా? ఇంకో మాట. మా అత్తగారి వాడకట్టులో ఒకావిడ అప్పుడే నా దగ్గరికి వస్తానంటోంది. నా మొదటి క్లయింట్ ఆమేనేమో!"
— ఒక చెల్లె, హన్మకొండ

చెల్లె,

మీ నాన్న అడిగిందే 2009లో మా నాన్నా అడిగాడు. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి గుమాస్తా. "కాంటా పెట్టరాని సరుకుకు ధరెట్ల కడ్తవు బిడ్డా?" అన్నాడు. నాకు ఆ రోజు జవాబు తోచలేదు. ఆ కోపంలోనే చౌరస్తా పక్కన, మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తులో గది తీసుకున్నాను. పసుపు రేకు మీద ఎర్రటి అక్షరాలతో "మానసిక సమస్యలకు కౌన్సెలింగ్" అని ఆరడుగుల బోర్డు పెట్టించాను. 40 రోజుల్లో ఇద్దరొచ్చారు. అందులో ఒకాయన పళ్ల డాక్టర్ అనుకుని వచ్చాడు.

కష్టమున్న మనుషులు లేక కాదు. ఆ బోర్డు కింద నుంచి మెట్లెక్కడానికి ఎవరికీ ధైర్యం లేక. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఎక్కడ నిలబడ్డా మేనత్త కొడుకో, పదో తరగతి దోస్తో, పెండ్లిండ్లలో వంట చేసే ఆయనో కనబడే ఊరు మనది. హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరునే తిట్టులాగా వాడే ఊరు కూడా. అటువంటి చోట "మానసిక" అన్న బోర్డు కిందికి నలుగురూ చూస్తుండగా ఎవరు పోతారు?

ఆ గది వదిలేసి సందులోకి మారాను. కింద జాకెట్లు కుట్టే టైలర్ దుకాణం, పైన నా గది, మెట్లు మాత్రం ఒకటే. బోర్డు తీసేసి తలుపు మీద పేరు మాత్రం రాయించాను. నెల తిరిగేసరికి జనం రావడం మొదలైంది. ఆడవాళ్లు చేతిలో జాకెట్ బట్ట పట్టుకుని వచ్చేవాళ్లు. ఎవరన్నా అడిగితే చెప్పడానికి. కొందరు నిజంగానే కుట్టించుకునేవాళ్లు, పాపం ఆ టైలర్‌కు గిరాకీ ఎందుకు పెరిగిందో చాలా రోజులు తెలియలేదు. నీకు నేను చెప్పగలిగిందంతా ఆ మెట్ల దగ్గరే ఉంది చెల్లె. "దీని మీద బతకొచ్చా" అని నువ్వు అడుగుతున్నావు. వచ్చిన మనిషి ఎవరి కంటా పడకుండా ఎట్లా వచ్చి ఎట్లా పోతుంది, ఇక్కడ అన్న మాట బయటికి పోకుండా ఎట్లా ఉంటుంది అన్నది ముందు చూసుకో. గదీ ఫీజూ బోర్డూ ఫోనూ అన్నీ దాన్ని బట్టే తేలతాయి.

బోర్డు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది చట్టంతో పని. "క్లినికల్ సైకాలజిస్ట్" అని రాయకు. అది నీ డిగ్రీకి రాదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు చదివి, 1992 చట్టం కింద నడిచే ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ఆ మాట వాడాలి. రిజిస్టర్‌లో లేకుండా ఆ ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు అని ఆ చట్టంలోనే ఉంది. ఇన్నేళ్లూ దానికి దారి రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఎం.ఫిల్ అనే డిగ్రీనే యూజీసీ ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. దాని స్థానంలో వస్తున్న కోర్సుల్లో ఎప్పుడన్నా చేరాలనుకుంటే కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టు. నీలాంటి సైకాలజిస్టులు, కౌన్సెలర్లు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పట్టికలో ఉన్నారు. దాని కింద రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. సర్టిఫికెట్లు, ఎన్ని గంటలు ఎవరి కింద పనిచేశావన్న కాగితాలు ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టుకో. ప్రస్తుతానికి "కౌన్సెలింగ్ సైకాలజిస్ట్, ఎమ్మెస్సీ" చాలు. పేరు ముందు డాక్టర్ అని వద్దు. పేషెంట్లు ఎట్లాగూ "డాక్టరమ్మ" అనే అంటారు, వాళ్లను ప్రతిసారీ దిద్దలేవు కానీ చీటీ మీద మాత్రం రాయకు. మందు గోలీ గురించి "వేసుకో" అనీ అనొద్దు, "మానెయ్" అనీ అనొద్దు.

ఇక ఆ నర్సింగ్ హోం. నువ్వు అనుమానంగా రాశావు గానీ, గది మంచిదే. నర్సింగ్ హోంకు జ్వరం వచ్చినవాళ్లూ పోతారు, షుగర్ చూపించుకునేవాళ్లూ పోతారు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. నా జాకెట్ల దుకాణం కన్నా మెరుగు. తేడా వచ్చేది ఆ 30 శాతం దగ్గర. పేషెంట్‌ను పంపినందుకు డాక్టర్ కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం రెండూ 2002 నాటి వైద్యుల నియమావళిలోనే తప్పు. అది ఆయన సంగతి అనుకుందాం. నీ సంగతి చూడు. మనిషికింత అని లెక్క ఉంటే, ఆరుసార్లలో తేరుకోవాల్సిన మనిషిని పదిసార్లు రమ్మనాలని ఇద్దరికీ మనసు పీకుతుంది. అందుకే "సార్, నెలకు ఇంత అని కిరాయి కడ్త, వచ్చినా రాకున్నా కడ్త" అను. ఒప్పుకుంటే కాగితం రాసుకో. ఒప్పుకోకపోతే ఆయన చూసింది నీ పని కాదు, నీ గల్లా.

కాగితంలో కొన్ని మాటలు తప్పకుండా ఉండాలి. అపాయింట్‌మెంట్లు నీ ఫోన్‌కే రావాలి. కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి "సైకాలజీ మేడం పేషెంట్ ఎవరు?" అని హాలంతా వినబడేట్టు అరవకూడదు, అరుస్తారు, నా చెవులతో విన్నాను. ఫైళ్లు నీ బీరువాలో, తాళం నీ దగ్గర. గది గోడ ప్లైవుడ్‌దైతే ఆ గది వద్దు. ఒకసారి మీ ఆయన్ను లోపల కూర్చోబెట్టి మామూలు గొంతుతో మాట్లాడమను, నువ్వు బయట బెంచీ మీద కూర్చుని విను. ఒక్క మాట అర్థమైనా గది మార్చు. సెషన్ 50 నిమిషాలైతే తర్వాతి మనిషిని గంటకు కాదు, గంటంబావుకు రమ్మను. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కకూడదు. వాళ్లిద్దరూ వియ్యంకులయ్యే అవకాశం మన దగ్గర నువ్వనుకున్నదాని కన్నా ఎక్కువ.

నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఊళ్లలో జనం మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికి. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి నీ పని ఏమిటో తెలిస్తే నీకు మనుషులొస్తారు. "నాకేమిస్తరు మేడం" అని కూడా అడుగుతారు. పైసలివ్వకు. అటువైపు పోయినప్పుడు కలిసి చాయ్ తాగి, ఎటువంటివాళ్లను నీ దగ్గరికి పంపాలి, ఎటువంటివాళ్లను ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి అని చెప్పిరా. అట్లా చెప్పినాక ఒకాయన పైసా అడగకుండా పదేళ్లు నా దగ్గరికి మనుషులను పంపాడు. పంపిన మనిషి ఏం చెప్పిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫీజు. మన దగ్గర ఓపీ చీటీ తీసుకుంటే వారం పది రోజులు మళ్లీ ఫీజు లేకుండా చూస్తారు కదా. నీ దగ్గరికి వచ్చేవాళ్లూ అదే అనుకుంటారు. రెండోసారి వచ్చి "మొన్ననే కట్టినం గద మేడం" అంటారు. మోసం కాదది, అలవాటు. కాబట్టి మొదటి ఫోన్‌లోనే, రాకముందే చెప్పు: ప్రతిసారీ ఇంత, టైం ఇంత, సుమారు ఇన్నిసార్లు. ఇంకోటి, "మందులేం రాయలేదా?" అని చీటీ కోసం చెయ్యి చాపుతారు. ఖాళీ చేతులతో పంపితే గిట్టుబాటు కాలేదనుకుంటారు. ఇంట్లో చేయాల్సింది నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఇవ్వు. నేను ఇప్పటికీ ఇస్తాను. ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకునిపోయిన ముసలమ్మలు ఉన్నారు.

లెక్క ఇప్పుడు వేద్దాం, మీ నాన్న పక్కన కూర్చుని చూడమను. రోజుకు నలుగురిని చూడు, అంతకన్నా వద్దు. ఐదో మనిషి దగ్గర నువ్వు తలూపుతుంటావు గానీ వినవు. వారానికి ఐదు రోజులంటే 20. అందులో పావు వంతు రారు, బస్సు దొరకలేదంటారు, ఇంటికి చుట్టాలొచ్చిన్రంటారు. 15 మంది. నెలకు 60 సెషన్లు. 500 పెట్టావనుకో. అందులో 15 సెషన్లు స్తోమత లేనివాళ్లకు సగం ధరకు. 45 ఐదువందలు 22,500, పదిహేను రెండువందల యాభైలు 3,750. మొత్తం 26,250. కిరాయి 6 వేలు, కరెంటూ ఫోనూ ఊడ్చే ఆమె 2 వేలు, నీ సూపర్‌విజన్‌కు, అంటే నీ కేసులు పెద్దవాళ్లకు చెప్పుకుని సలహా తీసుకోవడానికి, 3 వేలు తీసేస్తే చేతిలో 15,250. అంటే గది నిండి ఉన్నా నీ జీతం కన్నా తక్కువ. అదే 700 పెడితే, సగం ధర వాళ్లను ఉంచుకున్నా, ఖర్చులు పోను 25,750 మిగులుతుంది. అందుకని 700 పెట్టు. సిగ్గుపడి 300 పెట్టినవాళ్లను చూశాను. రెండేళ్లకు అలసిపోయి మూసేసి మళ్లీ స్కూళ్లలో చేరిపోయారు. పూర్తి ఉచితం మాత్రం ఎవరికీ వద్దు. 50 రూపాయలైనా తీసుకో. ఉచితంగా వచ్చిన మనిషి నీకు బాకీ పడ్డట్టు అనుకుని, నిన్ను నొప్పించే మాట ఏదీ నీ ముందర అనదు. నీ పని అక్కడే ఆగిపోతుంది.

గది నిండడానికి రెండేళ్లు పడుతుంది, అదీ సాఫీగా కాదు. మిర్చి, పత్తి మార్కెట్‌కు వచ్చే నెలల్లో ఊళ్ల వాళ్లు రారు. డబ్బు చేతికొచ్చాక వస్తారు. ఇంటర్ ఫలితాల తర్వాత ఒక్కసారిగా మీద పడతారు. మేడారం జాతర వచ్చిన ఏడాది ఆ పదిహేను రోజులు గది తాళం వేసుకుని నువ్వు కూడా పోయిరావచ్చు.

కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానేయకు. వారానికి రెండు సాయంత్రాలు, సాయంత్రానికి ఇద్దరు. వచ్చేవాళ్లను లెక్కేస్తే నెలకు 12 సెషన్లు, అందరూ పూర్తి ఫీజు కడితే 8,400. వరసగా ఆరు నెలలు ఆ పన్నెండూ నిలబడితే మూడో సాయంత్రం కలుపు. నాలుగో సాయంత్రం కలిపే వేళకు కాలేజీలో సగం రోజు పని అడిగి చూడు. ఒక్క షరతు మాత్రం తప్పనిసరి. "బయట చూస్తరా" అని అడుగుతున్న ఆ తల్లిదండ్రులు ఉన్నారే, నీ కాలేజీ పిల్లల తల్లిదండ్రులు, వాళ్లను బయట చూడకు. ఆ పిల్లలను చూసేందుకే కాలేజీ నీకు జీతమిస్తోంది. లోపల పది నిమిషాలు మాట్లాడి మిగతాది బయట 700కు అమ్మిందన్న మాట ఒక్కసారి పుడితే హన్మకొండలో చావదు. నువ్వు ఆశ పెట్టుకున్న మొదటి గిరాకీ అదేనని తెలుసు. వదులుకో.

చదువులో నీకు నేర్పనిది ఒకటుంది. పుస్తకాల్లో డిప్రెషన్, యాంగ్జైటీ అని చదివాం. గదిలోకి వచ్చిన మనిషి ఆ మాటలు అనదు. "పానం మంచిగుంటలేదు" అంటది. "నెత్తంత బరువు", "గుండెల దడ", "కడుపుల ఏందో తిప్పుతాంది", "కాళ్లు చేతులు ఆడ్తలేవు" అంటది. డాక్టర్ల చుట్టూ తిరిగిన స్కానింగులు, ఈసీజీలు సంచిలో తెస్తది. ఆ కాగితాలు పక్కకు నెట్టకు, ఒక్కొక్కటీ తీసి చూడు. గుండె, థైరాయిడ్, రక్తం తక్కువ ఉండటం వంటివి డాక్టర్ చూసి లేవన్నాకే మనం మొదలుపెట్టాలి. ఆ తర్వాత మన మాటలే మనకు పనికొస్తాయి. రంది వేరు, బుగులు వేరు. రంది పోయినదాని గురించీ రానిదాని గురించీ లోపల్లోపల తినేసేది, బిడ్డను దూరమిచ్చిన తల్లికీ దుబాయి పోయినవాడి పెండ్లానికీ ఉండేది. బుగులు రాబోయేదాని గురించి, సందులో బండి చప్పుడైతే అప్పులోడేమోనని ఉలిక్కిపడేది. "ఇది రందా, బుగులా?" అని అడిగి చూడు. అరగంటలో తేలనిది ఆ ఒక్క ప్రశ్నతో తేలిన రోజులున్నాయి. చివరికి ఎక్కడికి చేరాలో కూడా వాళ్ల మాటలోనే అడుగు: "నిమ్మళం అంటే నీకెట్లుంటది? నిమ్మళంగున్న రోజు పొద్దున లేచి ఏం చేస్తవు?" అని. నా రిజిస్టర్‌లో ఇప్పటికీ "లక్ష్యం" అన్న కాలమ్ లేదు, "నిమ్మళం" అని ఉంటుంది.

డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పత్రాన్ని చేతికిచ్చి నింపమనకు. దాని తెలుగు చాలామందికి పరీక్ష పేపర్‌లాగా ఉంటుంది. పక్కన కూర్చుని, అర్థం మారకుండా చదివి అడుగు. తొమ్మిదోది చచ్చిపోవాలనిపించడం గురించి. దాన్ని గొణిగినట్టు దాటేయకు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడేవాళ్లున్నారు. అడిగినందుకు పుట్టదు, అడిగితే బయటికొస్తుంది. మన పల్లెల్లో ఇంకో ప్రశ్న కూడా కావాలి: ఇంట్లో గడ్డి మందు, పురుగుల మందు ఎక్కడ పెడ్తరు? ఉందంటే ఆ రోజే, ఆమె ఒప్పుదలతో, ఇంట్లో నమ్మకమున్న ఒక్కరిని పిలిచి డబ్బాలు ఇల్లు దాటించమను. ఎవరూ లేని చెవుల మాటలు వినబడుతున్నా, వారంగా నిద్ర లేకుండా తిరుగుతున్నా, చావు గురించి తేదీతో సహా చెబుతున్నా అది నీ ఒక్కదాని పని కాదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ఊళ్లో ప్రైవేటు సైకియాట్రిస్టులున్నారు. ప్రాక్టీస్ మొదలుపెట్టకముందే వాళ్లలో ఇద్దరిని కలిసి నంబర్లు తీసుకో. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. నీ చీటీ అడుగున ఆ నంబరు అచ్చేయించు. "కేసైతదేమో" అని ఆసుపత్రికి రానివాళ్లకు 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ గురించి చెప్పు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని ఉంది అందులో.

నీ దగ్గరికి రాకముందే వాళ్లు కాజీపేట దర్గాకు పోయి ఉంటారు, కొమురవెల్లికి మొక్కి ఉంటారు, తాయెత్తు కట్టించుకుని ఉంటారు. మొహం చిట్లించకు. ఎక్కడెక్కడ ఎంత నిమ్మళమైందో అడుగు, రాసుకో. కట్టేశారనో, వాడుతున్న మందులు ఆపించారనో తెలిస్తే మాత్రం అప్పుడే గట్టిగా మాట్లాడు.

గదిలో అన్నది బయటికి పోదు అని మొదటి రోజే చెబుతావు కదా, దానికి పరీక్ష పైసలు కట్టేవాడి దగ్గర వస్తుంది. సెషన్ అయ్యాక మొగుడో అత్తో లోపలికి తొంగి "ఏం చెప్పింది మేడం?" అంటారు. "పైసలు మేం కడ్తలేమా" అని కూడా అంటారు. మొదలవకముందే అందరి ముందర చెప్పు: కట్టేది మీరే, మాట మాత్రం ఆమెది. మూడు మినహాయింపులు కూడా అప్పుడే చెప్పు, తర్వాత చెబితే నమ్మకద్రోహంలాగా ఉంటుంది. తన ప్రాణానికి ముప్పు, ఇంకొకరి ప్రాణానికి ముప్పు, చిన్నపిల్లల మీద లైంగిక దాడి. చివరిది తెలిసీ చెప్పకపోతే పోక్సో చట్టం నిన్నే పట్టుకుంటుంది. ఫోన్లు ఇల్లంతా వాడతారు కాబట్టి ఎవరికీ "రేపు మీ కౌన్సెలింగ్ సెషన్" అని వాట్సాప్ పెట్టకు, "రేపు 5 గంటలకు" చాలు. ఫోన్‌పే కూడా నీ పేరు మీదే ఉండనీ, సెంటర్ పేరు పెడితే మెసేజ్ మొగుడి ఫోన్‌కు పోతుంది. నోట్లు ఇచ్చేవాళ్లను నోట్లే ఇవ్వనీ, రసీదు మాత్రం నీ దగ్గర ఉంచు.

సూపర్‌విజన్‌కు 3 వేలు రాశాను చూడు, ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట అదే కొట్టేయబుద్ధవుతుంది. కొట్టేయకు. కాజీపేటలో బండెక్కితే రెండు గంటల్లో సికింద్రాబాద్. నెలకొకసారి పెద్దవాళ్లెవరి దగ్గరికైనా పోయి నీ చేతగాని కేసులు చెప్పుకుని రా, ఫోన్‌లోనైనా సరే. ఒంటరిగా గదిలో కూర్చుని ఊరి రందంతా మింగితే ఏమవుతుందో నేను 2014లో చూశాను. నాలుగు నెలలు గది మూసుకున్నాను. అది ఇంకోసారి రాస్తాను.

చివరిగా మీ అత్తగారి వాడకట్టు ఆవిడ. వద్దు చెల్లె. ఆమెకు కష్టం లేదని కాదు, నీకు పని రాదనీ కాదు. ఆమె నీ ముందు కూర్చుని మొగుడి సంగతి చెబుతుంది, రెండో రోజు ఆ మొగుడే మీ ఇంట్లో పెండ్లి పత్రిక ఇచ్చి పోతాడు. ఆమె కోడలు గురించి చెబుతుంది, ఆ కోడలు మీ ఆడబిడ్డకు దోస్తు. నువ్వు నోరు విప్పకపోయినా నీ మొహం చూసి నీకు తెలుసని వాళ్లకు తెలుస్తుంది. "అత్తమ్మా, నేను మీకు కావలసినదాన్ని, అందుకే నేను చూడొద్దు. నేను నమ్మే ఒకామె ఉన్నది, ఫోన్ చేసి చెప్త, నా పేరు చెప్పి పోండ్రి" అను. ఆ ఒకామె నంబరు నీ దగ్గర ఇప్పటికే ఉండాలి, లేకపోతే ఈ వారంలోనే వెతుక్కో. ఆమె కూడా తన వాడకట్టు వాళ్లను నీ దగ్గరికి పంపుతుంది. నీ మొదటి క్లయింట్ అట్లా, ఎవరో ఏమో తెలియని మనిషి అయితే మేలు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ మీ వాడకట్టు అత్తమ్మ నీ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలంటే, నువ్వు చూసి ఆమె తల దించుకోకూడదు కదా.